మైదానాల కథ – 9: మిగిలిన ఇద్దరు

వాషింగ్టన్ రాష్ట్రానికి తూర్పు అంచున పలూస్ అనే సీమ ఉంది. వేల ఏళ్లపాటు గాలి మోసుకొచ్చి పోసిన సన్నటి మట్టి అక్కడ అలలు అలలుగా మిట్టలు కట్టింది. ఆ మిట్టల మీద గోధుమ పండుతుంది, శనగ పండుతుంది, మసూర్ పండుతుంది. పుల్‌మన్ అనే పట్టణంలో ఏటా ఆగస్టులో మసూర్ పప్పు పేరు మీదే పెద్ద పండుగ చేస్తారు. వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం ఉన్నది ఆ పట్టణంలోనే. అది వ్యవసాయం నేర్పే కళాశాలగా పుట్టింది. అక్కడి పాడి విభాగం ఇప్పటికీ చీజ్ తయారుచేసి డబ్బాల్లో పెట్టి అమ్ముతుంది. ఆ చీజ్ పేరు కూగర్ గోల్డ్. కూగర్ అంటే ఆ కొండల్లో తిరిగే పెద్దపిల్లి జాతి జంతువు. విశ్వవిద్యాలయం జట్లకు పెట్టుకున్న పేరు కూడా అదే.

2023 ఆగస్టు 4, శుక్రవారం. ఆ రోజు పొద్దున్నే పుల్‌మన్ జనం నిద్ర లేచేసరికి వాళ్ల విశ్వవిద్యాలయం తొమ్మిది మంది సభ్యుల కాన్ఫరెన్స్‌లో ఉంది. చీకటి పడేసరికి ఆ కాన్ఫరెన్స్‌లో నలుగురే మిగిలారు. మరో నాలుగు వారాలకు ఇద్దరే. ఒకరు పుల్‌మన్ వాళ్లు. రెండోవారు పక్క రాష్ట్రంలో, కోర్వాలిస్ పట్టణంలోని ఆరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు. ఈ వారం కథ ఈ ఇద్దరిదీ.

గత వారం టెక్సస్‌లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ 1996లో ఎలా ముక్కలైందో చెప్పుకున్నాం. ఈ ధారావాహికను ఇప్పుడే అందుకుంటున్నవారి కోసం ఒక్క మాట. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే కోలబంతిని చేతపట్టుకుని, తలకు హెల్మెట్ పెట్టుకుని ఆడే ఆట. 80 వేల మంది, లక్ష మంది పట్టే స్టేడియాలున్న విశ్వవిద్యాలయాలు అక్కడ చాలానే ఉన్నాయి. కాన్ఫరెన్స్ అంటే ఏటా ఒకరితో ఒకరు ఆడతామని, నియమాలు కలిసి రాసుకుంటామని, వచ్చిన డబ్బు పంచుకుంటామని కొన్ని విశ్వవిద్యాలయాలు చేసుకున్న పొత్తు. ఇంగ్లండ్ సాకర్‌లో ఓడితే కింది లీగ్‌కు దిగజారతారు, గెలిస్తే పైకి ఎక్కుతారు. ఇక్కడ అలా లేదు. ఎంత బాగా ఆడినా పిలుపు వస్తేనే ప్రవేశం. ఎంత బాగా ఆడినా పక్కవాళ్లు లేచిపోతే ఒంటరితనమే. ఈ సంగతి గుర్తుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

పసిఫిక్ తీరపు పొత్తు 1915 డిసెంబర్ 2న పోర్ట్‌లండ్ నగరంలో కుదిరింది. కూర్చున్నవాళ్లు నలుగురు: కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగాన్, అప్పట్లో ఆరెగాన్ వ్యవసాయ కళాశాల అని పిలిచే నేటి ఆరెగాన్ స్టేట్. అంటే ఇవాళ మిగిలిపోయిన ఇద్దరిలో ఒకరు ఈ ఇంటికి పునాదిరాయి వేసినవాళ్లే. వాషింగ్టన్ స్టేట్ 1917లో చేరింది. 1918లో స్టాన్‌ఫర్డ్, 1922లో యూఎస్‌సీ, ఐడహో, 1924లో మోంటానా, 1928లో యూసీఎల్‌ఏ వచ్చాయి. రైలెక్కి పోయి ఆడి రాగలిగినంత మేర ఉన్నవాళ్లంతా ఒక జట్టయ్యారు. పేరు పసిఫిక్ కోస్ట్ కాన్ఫరెన్స్.

ఆ తీరంలో ఫుట్‌బాల్‌కు గుండెకాయ లాంటిది రోజ్ బౌల్. కొత్త సంవత్సరం తొలిరోజున లాస్ ఏంజెలెస్ పక్కనున్న పాసడీనాలో పూల ఊరేగింపు, ఆ వెంటనే ఆట. మొదటిసారి 1902లో ఆడించారు. మిషిగన్ జట్టు స్టాన్‌ఫర్డ్‌ను 49–0 తేడాతో చిత్తు చేసేసరికి నిర్వాహకులకు ఆసక్తి చచ్చిపోయి, చాలా ఏళ్లు ఫుట్‌బాల్ మానేసి రథాల పందేలు పెట్టారు. తిరిగి 1916 జనవరి 1న ఫుట్‌బాల్ పెట్టారు. అప్పటినుంచి ఏటా జరుగుతూనే ఉంది. ఆ 1916 ఆటలో తూర్పు తీరం నుంచి వచ్చిన బ్రౌన్ విశ్వవిద్యాలయాన్ని 14–0తో ఓడించింది ఎవరనుకున్నారు? పుల్‌మన్ వాళ్లు. ఇంకా పొత్తులో చేరకముందే, పశ్చిమ తీరానికి ఈ ఆటలో నిలబడే సత్తా ఉందని దేశానికి చూపింది ఆ గోధుమ చేల మధ్య కళాశాలే.

కోర్వాలిస్ వాళ్లకూ ఒక రోజ్ బౌల్ కథ ఉంది. అది ఇంకా బరువైనది. 1941 సీజన్‌లో వాళ్లు పొత్తులో మొదటి స్థానంలో నిలిచి కొత్త సంవత్సరపు ఆటకు అర్హత సంపాదించారు. డిసెంబర్ 7న పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడ్డాయి. పశ్చిమ తీరంలో జనం గుంపులుగా చేరవద్దని సైన్యం అంది. ప్రత్యర్థి డ్యూక్ విశ్వవిద్యాలయం, మా ఊరు రండి, ఇక్కడే ఆడుకుందామని నార్త్ కరోలినా నుంచి కబురు పెట్టింది. కోర్వాలిస్ కుర్రాళ్లు రైలెక్కి దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పోయారు.

ఒక్కడు మాత్రం ఎక్కలేదు. అతని పేరు జాక్ యోషిహారా. జపాన్‌లో పుట్టి పసితనంలోనే అమెరికా వచ్చి, పోర్ట్‌లండ్‌లో పెరిగిన కుర్రాడు. జట్టు సాధన చేస్తుంటే ఎఫ్‌బీఐ మనుషులిద్దరు మైదానంలోకి వచ్చారు. నువ్వు ఊరు దాటడానికి వీల్లేదని చెప్పారు. జపాన్ మూలాలున్నవాళ్లు ఇంటి నుంచి 35 మైళ్లు మించి వెళ్లరాదని ఆంక్ష. 1942 జనవరి 1న వర్షంలో అతని తోటివాళ్లు, అప్పటిదాకా ఓటమి ఎరగని డ్యూక్‌ను 20–16తో గెలిచారు. అతన్ని ఆ తర్వాత ఐడహోలోని మినిడోకా నిర్బంధ శిబిరానికి పంపారు. రోజ్ బౌల్ ఉంగరం అతని వేలికి రావడానికి 1985 దాకా పట్టింది. ఆరెగాన్ స్టేట్ ఇప్పటిదాకా గెలిచిన రోజ్ బౌల్ అదొక్కటే. వాషింగ్టన్ స్టేట్ గెలిచినదీ 1916 నాటి ఆ ఒక్కటే.

లెక్కలో ఇవి చిన్నవే. కానీ ఒక ఊరు ఒక జట్టును ఎందుకు తన ఇంటిపేరులా మోస్తుందో ఈ రెండు ఆటలు తెలియకపోతే అర్థం కాదు.

ఇరుగుపొరుగు అన్న మాటకు అర్థం తెలియాలంటే పుల్‌మన్ నుంచి రాష్ట్ర సరిహద్దు దాటి తూర్పుకు పోవాలి. 13 కిలోమీటర్ల దూరంలో మాస్కో అనే ఊరు వస్తుంది. రష్యాలోది కాదు, ఐడహోలోది. ఐడహో విశ్వవిద్యాలయం అక్కడుంది. ఈ రెండు ఊళ్ల మధ్య ఒక ఆచారం ఉండేది. ఆటలో ఎవరు ఓడితే ఆ విద్యార్థులు గెలిచినవాళ్ల ఊరి దాకా నడిచి వెళ్లాలి. ఎక్కువసార్లు నడక ఐడహో వాళ్లదే. 1954లో మాత్రం పుల్‌మన్ వాళ్లు వాళ్ల చేతిలో ఓడిపోయారు. 1925 తర్వాత అదే మొదటిసారి. అన్నమాట ప్రకారం రెండు వేల మంది దాకా పుల్‌మన్ విద్యార్థులు ఆ మిట్టల మీదుగా మాస్కోకు నడిచారు. పదమూడు కిలోమీటర్లు, ఓడిపోయి, మాట కోసం. కాన్ఫరెన్స్ అనే మాట వినగానే నాకు ఇప్పటికీ ముందుగా కళ్లకు కట్టేది ఆ నడకే.

ఆ నడక జరిగిన రెండేళ్లలోపే ఇల్లు బీటలు వారింది. 1956 జనవరిలో సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం తన కోచ్ జాన్ చెర్‌బర్గ్‌ను తొలగించింది. ఆయన ఊరుకోలేదు. నగరంలోని పెద్దమనుషులు రహస్య నిధి పెట్టి ఆటగాళ్లకు నియమాలకు మించి డబ్బు ముట్టజెబుతున్నారని బయటపెట్టాడు. ఒక తీగ లాగితే డొంకంతా కదిలింది. యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల్లోనూ అలాంటి నిధులే బయటపడ్డాయి. జరిమానాలు, నిషేధాలు పడ్డాయి. చెర్‌బర్గ్ అదే ఏడు రాష్ట్ర లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికై 1989 దాకా ఆ పదవిలో ఉన్నాడు.

శిక్ష పడ్డ పెద్ద నగరాల వాళ్లకు, శిక్ష వేయమని పట్టుబట్టిన చిన్న ఊళ్ల వాళ్లకు మధ్య మాటలు తెగిపోయాయి. 1959లో పొత్తు రద్దయింది. కాలిఫోర్నియా, యూసీఎల్‌ఏ, యూఎస్‌సీ, వాషింగ్టన్, స్టాన్‌ఫర్డ్ కలిసి కొత్త కాపురం పెట్టాయి. బయట మిగిలింది వాషింగ్టన్ స్టేట్, ఆరెగాన్, ఆరెగాన్ స్టేట్, ఐడహో.

2023లో జరిగింది కనీవినీ ఎరగనిదని చాలామంది రాశారు. పుల్‌మన్, కోర్వాలిస్ పెద్దలకు మాత్రం అది రెండోసారి. మొదటిసారి ఇంట్లోంచి తోసేసినప్పుడు వాళ్లేం చేశారో చూడండి. కోర్వాలిస్ ఏ పొత్తూ లేకుండానే ఆడింది. 1962లో వాళ్ల ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్ టెర్రీ బేకర్ హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒక ఆటగాడికి దక్కే అతిపెద్ద గౌరవం అది. పశ్చిమ తీరానికి అది రావడం అదే మొదలు. అంటే ఆ తీరపు తొలి హైస్‌మన్ దొరికింది, పెద్దింటివాళ్లు గుమ్మం బయట నిలబెట్టిన జట్టుకు. వాషింగ్టన్ స్టేట్‌ను 1962లో, ఆరెగాన్, ఆరెగాన్ స్టేట్‌లను 1964లో మళ్లీ లోపలికి పిలిచారు. ఐడహోను మాత్రం పిలవలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తాం.

తర్వాతి ఏళ్లు చప్పున దాటేయవచ్చు. 1968లో పసిఫిక్–8 అన్న పేరు వచ్చింది. 1978లో అరిజోనా, అరిజోనా స్టేట్ చేరి పదయ్యాయి. 2011లో కొలరాడో, యూటా చేరి పన్నెండయ్యాయి. పేరు పాక్–12. ఇందులో అరిజోనా స్టేట్ టెంపీలో ఉంది. మన జిల్లాల నుంచి ఎంఎస్ చదవడానికి వెళ్లే పిల్లలకు బాగా తెలిసిన పేరు. సియాటిల్ పక్కన రెడ్‌మండ్, బెల్‌వ్యూలలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలు వాషింగ్టన్ విశ్వవిద్యాలయం ఊదారంగు చొక్కాలు వేసుకుని తిరుగుతుంటారు. కాబట్టి ఈ తగువు మనకు అంత దూరపుదేమీ కాదు.

అసలు మలుపు మైదానంలో కాదు, కోర్టులో వచ్చింది. 1951–52 నుంచి ఏ కాలేజీ ఆట టీవీలో రావాలో, ఎన్నిసార్లు రావాలో జాతీయ సంఘమైన ఎన్‌సీఏఏ నిర్ణయించేది. టీవీలో చూపిస్తే జనం టికెట్ కొనరని దాని భయం. 1980ల మొదట్లో నియమం ఎలా ఉండేదంటే, రెండేళ్లలో ఒక జట్టు ఆరుసార్లకు మించి టీవీలో కనిపించకూడదు. ఓక్లహోమా, జార్జియా విశ్వవిద్యాలయాలు దీని మీద దావా వేశాయి. 1984 జూన్ 27న సుప్రీంకోర్టు 7–2 తీర్పుతో ఎన్‌సీఏఏ పెత్తనాన్ని కొట్టేసింది. భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి బైరన్ వైట్, కుర్రతనంలో కొలరాడో జట్టులో గొప్ప ఆటగాడు. కాలేజీ ఆటను మామూలు వ్యాపారంలా చూడకూడదని ఆయన వాదన. చట్టం దృష్టితో చూస్తే మెజారిటీ తీర్పు సరైనదే కావచ్చు. ఆ తర్వాత నలభై ఏళ్లలో జరిగినదంతా చూశాక, వైట్ పడ్డ బెంగ వృథా కాదని నేను నమ్ముతున్నాను.

ఆ తీర్పుతో ఆటను అమ్ముకునే హక్కు కాన్ఫరెన్స్‌ల చేతికి వచ్చింది. అప్పటిదాకా పొత్తు అంటే దగ్గరివాళ్లు కలిసి ఆడటం. ఇప్పుడు పొత్తు అంటే కలిసి సరుకు అమ్మడం. సరుకు అమ్మేవాడికి పక్కూరివాడితో పనేముంది? ఎక్కువ టీవీలున్న ఊరివాడితో పని. లాస్ ఏంజెలెస్ చుట్టుపక్కల కోటికి పైగా జనం. పుల్‌మన్ చిన్న పట్టణం, కోర్వాలిస్ మరో చిన్న పట్టణం. లెక్క అక్కడే తేలిపోయింది. బయటపడటానికి కొంతకాలం పట్టిందంతే.

పసిఫిక్ తీరానికి ఇంకో చిక్కుంది, గడియారం. అక్కడ రాత్రి ఏడున్నరకు ఆట మొదలైతే న్యూయార్క్‌లో పదిన్నర. అమెరికా జనాభాలో ఎక్కువ భాగం తూర్పు, మధ్య ప్రాంతాల వేళల్లో బతుకుతుంది. పశ్చిమాన రెండో సగం ఆట రసవత్తరంగా నడుస్తుంటే దేశంలో సగానికి పైగా నిద్రలో ఉంటుంది.

2009లో లారీ స్కాట్ కమిషనర్‌గా వచ్చాడు. 2010లో టెక్సస్, ఓక్లహోమాలతో సహా ఆరు విశ్వవిద్యాలయాలను పట్టుకొచ్చి పదహారు జట్ల పొత్తు కట్టాలని చూశాడు. టెక్సస్ వాళ్లు తమకంటూ సొంత చానల్ కావాలన్నారు. బేరం చెడింది. కొలరాడో మాత్రమే వచ్చింది. అయినా 2011లో ఈఎస్‌పీఎన్, ఫాక్స్‌లతో పన్నెండేళ్లకు సుమారు 300 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. అప్పటికి ఏ కాన్ఫరెన్స్‌కూ అంత రాలేదు. ఆ ఊపులో 2012లో సొంత చానళ్లు పెట్టుకున్నారు. ఒకటి జాతీయం, ఆరు ప్రాంతీయం. మరో కాన్ఫరెన్స్ అయిన బిగ్ టెన్ ఫాక్స్‌తో కలిసి చానల్ పెట్టింది. ఆగ్నేయానికి చెందిన ఎస్‌ఈసీ ఈఎస్‌పీఎన్‌తో కలిసి పెట్టింది. పాక్–12 మాత్రం భాగస్వామి వద్దనుకుంది, మొత్తం లాభం మనదేనన్న ఆశతో. డైరెక్ట్‌టీవీ లాంటి పెద్ద పంపిణీ సంస్థ ఆ చానళ్లను చివరిదాకా తీసుకోలేదు. అభిమాని ఇంట్లో టీవీ ఉంది, చందా కడుతున్నాడు, తన జట్టు ఆట మాత్రం కనిపించదు. ఏటేటా ఇదే. ఇల్లు కూలడానికి తొలి కారణం ఇదేనని నా అభిప్రాయం. వెళ్లిపోయినవాళ్ల అత్యాశ గురించి చాలా రాశారు. ఉన్నవాళ్ల ధీమా గురించి రాసింది తక్కువ.

2021 జులైలో టెక్సస్, ఓక్లహోమా ఎస్‌ఈసీకి వెళ్తున్నట్టు తేలింది. భయపడ్డ బిగ్ టెన్, తూర్పు తీరపు ఏసీసీ, పాక్–12 ఆగస్టులో ఒక కూటమి ప్రకటించాయి. కాగితం మీద ఏ సంతకమూ లేదు, పెద్దమనుషుల మాట మాత్రమే. పది నెలలు తిరిగాయి. 2022 జూన్ 30న యూఎస్‌సీ, యూసీఎల్‌ఏ బిగ్ టెన్‌లో చేరుతున్నట్టు ప్రకటించాయి. అంటే మాట ఇచ్చిన ముగ్గురిలో ఒకరు మరొకరి ఇంట్లోంచి ఇద్దరిని తీసుకుపోయారు. ఓడిపోయి పదమూడు కిలోమీటర్లు నడిచిన ఆ విద్యార్థుల మాటకూ ఈ మాటకూ ఎంత దూరం!

బిగ్ టెన్ అదే ఏడు ఆగస్టులో ఏడేళ్లకు 700 కోట్ల డాలర్లకు పైబడిన టీవీ ఒప్పందం కుదుర్చుకుంది. బిగ్ 12 కాన్ఫరెన్స్ కొత్త కమిషనర్ బ్రెట్ యోర్‌మార్క్ తొందరపడి, ఒక్కో సభ్యుడికి ఏటా సగటున 3.17 కోట్ల డాలర్లు వచ్చేలా అక్టోబర్‌లో ఖరారు చేసుకున్నాడు. పాక్–12 కమిషనర్ జార్జ్ క్లియావ్‌కాఫ్ ఇంకా మంచి ధర వస్తుందని ఆగాడు. అంగడిలో చివర మిగిలిన సరుకుకు అడిగినంత ధర రాదు. 2023 జులై 27న కొలరాడో తన పాత ఇంటికి, బిగ్ 12కు, తిరిగి వెళ్లిపోయింది. చివరికి చేతికి వచ్చింది ఆపిల్ సంస్థ ప్రతిపాదన. ఆటలన్నీ ఇంటర్నెట్‌లో వస్తాయి, చందాదారులు పెరిగితే డబ్బు పెరుగుతుంది.

ఆగస్టు 4 ఉదయం మిగిలిన తొమ్మిది మంది దీనికి ఒప్పుకుంటారనే అందరూ అనుకున్నారు. సంతకాలు జరగలేదు. వాషింగ్టన్, ఆరెగాన్ బిగ్ టెన్‌కు పోతున్నామన్నాయి. అదీ పూర్తి వాటాకు కాదు, మొదట్లో దాదాపు సగం వాటాకు. రాత్రికల్లా అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12 బాట పట్టాయి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, కాలిఫోర్నియా ఏసీసీలో చేరాయి. ఏసీసీలో మొదటి అక్షరానికి అర్థం అట్లాంటిక్. పసిఫిక్ గాలి తగిలే రెండు విశ్వవిద్యాలయాలు అట్లాంటిక్ తీరపు పొత్తులో సభ్యులయ్యాయి. వాళ్లతోపాటు చేరిన మూడో సభ్యుడు డాలస్‌లోని ఎస్‌ఎంయూ. గత వారం మనం చెప్పుకున్న ఎస్‌ఎంయూనే, 1996లో సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ ముక్కలైనప్పుడు బయట మిగిలిపోయింది. తొమ్మిదేళ్లు టీవీ డబ్బులో పైసా వద్దని ఒప్పుకుని మరీ చేరింది. ఇరవై ఏడేళ్లు గుమ్మం బయట నిలబడ్డవాడికి లోపలికి రావడం ఎంత విలువైనదో ఆ ఒప్పందమే చెబుతోంది.

ఆరెగాన్ స్టేట్‌కు అప్పటి అధ్యక్షురాలు జయతి మూర్తి. మన దేశంలో పుట్టి ఐఐటీ కాన్పూర్‌లో మెకానికల్ ఇంజినీరింగ్ చదివారు. ఎంఎస్ ఎక్కడ చేశారో తెలుసా? పుల్‌మన్‌లో, వాషింగ్టన్ స్టేట్‌లోనే. కోర్వాలిస్ రాకముందు ఇంజినీరింగ్ డీన్‌గా పనిచేసింది యూసీఎల్‌ఏలో. అంటే మొదట లేచిపోయిన ఇల్లూ, చివరిదాకా మిగిలిన రెండిళ్లూ ఆమెకు తెలిసినవే.

వెళ్లిపోయేవాళ్లు ఇంకో ఏడాది పాక్–12లోనే ఆడాలి. అందరి దృష్టీ ఖజానా మీద పడింది. దశాబ్దాలుగా కూడిన ఆస్తులు, రావలసిన సొమ్ము ఎవరి చేతిలో ఉండాలి? పది మంది ఓట్లేసి పొత్తు రద్దు చేసి పంచుకుంటారేమోనని మిగిలిన ఇద్దరూ సెప్టెంబర్ 8న కోర్టుకెక్కారు. ఆ కోర్టు ఏ మహానగరంలోనో లేదు. పుల్‌మన్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలో, విట్‌మన్ కౌంటీ కేంద్రమైన కోల్‌ఫ్యాక్స్ అనే చిన్న ఊళ్లో ఉంది. నియమావళిలో ఒక వాక్యం ఉంది. గడువులోపు వెళ్లిపోతున్నామని నోటీసు ఇచ్చిన సభ్యుడికి బోర్డులో చోటు పోతుంది. 2022లో యూఎస్‌సీ, యూసీఎల్‌ఏలను ఆ వాక్యం ప్రకారమే పక్కన కూర్చోబెట్టారు. అప్పుడు మిగతా పది మందికీ అది న్యాయంగానే తోచింది. ఊరు ఖాళీ చేసినవాడికి పంచాయతీలో ఓటు ఉండదన్న న్యాయమే ఇది. నవంబర్ 14న న్యాయమూర్తి గేరీ లిబీ బోర్డు పగ్గాలు ఇద్దరికీ అప్పగించారు. డిసెంబర్ 15న రాష్ట్ర సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు. తర్వాత రాజీ కుదిరింది. వెళ్లిన పది మంది తలా 65 లక్షల డాలర్లు వదులుకున్నారు.

ఆ చివరి సీజన్ అద్భుతంగా నడిచింది, అదే బాధ. సెప్టెంబర్ 23న పుల్‌మన్‌లో మిగిలిన ఇద్దరూ తలపడ్డారు. వాషింగ్టన్ స్టేట్ 38–35తో గెలిచింది. డిసెంబర్ 1న లాస్ వెగాస్‌లో టైటిల్ పోరులో వాషింగ్టన్ 34–31తో ఆరెగాన్‌ను ఓడించి, జాతీయ ఫైనల్ దాకా వెళ్లింది. ఆటలో లోపం లేదు. ఆటగాళ్లలో లోపం లేదు.

వెళ్లినవాళ్ల బతుకూ అనుకున్నంత తేలిక కాలేదు. సియాటిల్, లాస్ ఏంజెలెస్ జట్లు ఇప్పుడు న్యూజెర్సీలోని రట్గర్స్‌తో లీగ్ ఆటలు ఆడాలి. ఫుట్‌బాల్ వాళ్లకు ఏడాదికి కొన్ని ప్రయాణాలే. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లల సంగతి చూడండి. వారం మధ్యలో మూడు గంటల కాలభేదం దాటి పోవాలి, రావాలి, తెల్లారి క్లాసుకు కూర్చోవాలి. టీవీ ఒప్పందాల్లో వాళ్ల పేరు ఎక్కడా లేదు. కాలిఫోర్నియా రాష్ట్రంలో ఇంకో ముచ్చట. యూసీఎల్‌ఏ, బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఒకే తల్లి పిల్లలు, ఒకే పాలకమండలి కింద ఉన్నవి. యూసీఎల్‌ఏ వెళ్లిపోయి బర్క్‌లీకి నష్టం తెచ్చింది కాబట్టి ఏటా కోటి డాలర్ల చొప్పున మూడేళ్లు ఇవ్వమని ఆ మండలి 2024లో తేల్చింది. అక్కడి పత్రికలు దాన్ని భరణం అనే అర్థం వచ్చే పేరుతో పిలిచాయి.

2024 సెప్టెంబర్ 14న సియాటిల్‌లో వాషింగ్టన్, వాషింగ్టన్ స్టేట్ మళ్లీ ఎదురుపడ్డాయి. వాళ్ల వార్షిక పోరు పేరు ఆపిల్ కప్. ఒకరు బిగ్ టెన్ వాళ్లు, రెండోవారు ఇద్దరే మిగిలిన పొత్తు వాళ్లు. ఆట చివర్లో వాషింగ్టన్ స్టేట్ ఆధిక్యంలో ఉంది. వాషింగ్టన్‌కు గీత దాటడానికి ఒక్క గజం కావాలి, చేతిలో ఒక్క ప్రయత్నం మిగిలింది. కూగర్లు ఆ గజాన్ని ఇవ్వలేదు. 24–19.

ఆ నెలలోనే పాక్–12ను తిరిగి నిలబెట్టే పని మొదలైంది. బోయిసీ స్టేట్, కొలరాడో స్టేట్, ఫ్రెస్నో స్టేట్, శాన్ డియేగో స్టేట్, ఆ వెనక యూటా స్టేట్ వస్తామన్నాయి. బాస్కెట్‌బాల్‌లో పేరున్న గొంజాగా, తర్వాత టెక్సస్ స్టేట్ కూడా. 2026 జులై 1 నుంచి కొత్త కాపురానికి ముహూర్తం పెట్టుకున్నారు. ఇక్కడొక సంగతి దాచకుండా చెప్పాలి. ఆ మొదటి అయిదుగురూ మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ నుంచి వచ్చినవాళ్లే. ఒంటరిగా ఉన్న 2024లో ఈ ఇద్దరికీ ఆటలిచ్చి ఆదుకున్నది ఆ కాన్ఫరెన్సే. ఏరు దాటాక తెప్ప తగలేశారన్న మాట వాళ్లు పడ్డారు. పడక తప్పదు కూడా. వేరే దారి లేదన్నది వాళ్ల జవాబు. సరిగ్గా అదే జవాబు వాళ్లకు అంతకు ఏడాది ముందు ఎదుటివాళ్లు చెప్పారు.

ఇక ఐడహో. కొత్త పాక్–12లో ఐడహో రాష్ట్రానికి చోటు దొరికింది, బోయిసీ స్టేట్ రూపంలో. 1959లో పాత ఇల్లు కూలిన నాటికి బోయిసీ రెండేళ్ల కోర్సులు చెప్పే జూనియర్ కాలేజీ. పుల్‌మన్‌కు పదమూడు కిలోమీటర్ల దూరంలో, మాస్కోలో ఉన్న ఐడహో విశ్వవిద్యాలయానికి మాత్రం ఈసారి కూడా పిలుపు రాలేదు. అది ఇవాళ బిగ్ స్కై కాన్ఫరెన్స్‌లో ఆడుతోంది.